దొంగల పెట్టెలో లంగరు అలారం

శనివారం పొద్దున్న ఆరున్నరకి మా ఆయన ఒక కంటికి నల్లగుడ్డ కట్టుకుని, నడుముకి అట్టముక్క కత్తి దోపుకుని, వంటింట్లో ఇడ్లీ పాత్ర దగ్గర నిలబడి ఉన్నాడు. మా అమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అల్లుడితో సూటిగా ఏమీ అనదు కదా, అందుకని నావైపు తిరిగి, "ఏమే, శనివారం పూట ఈ దొంగ వేషం ఏంటే?" అంది. ఓడదొంగలమ్మా, ఈసారి అందరూ ఓడదొంగల్లా రావాలని పెట్టారు అన్నాను. "పెట్టుకోడానికి ఇంకేం దొరకలేదా" అని గొణుక్కుంటూ వెళ్లి ఇడ్లీలు డబ్బాలో సర్దడం మొదలెట్టింది.

విషయం ఏంటంటే మేము ఆరు కుటుంబాలం, అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని అనాపొలిస్ చుట్టుపక్కల ఉంటాం, అందరికీ తలా ఒక తెరచాప పడవ ఉంది, చీసపీక్ బే అనే అఖాతం మీద తిరుగుతుంటాం. తెరచాప పడవ అనగానే ఇండియాలో మావాళ్లంతా సినిమాల్లో హీరోయిన్ డాన్సు చేసే తెల్లటి ఓడ ఊహించుకుంటారు. మాది 1984లో తయారైన ముప్ఫై అడుగుల పడవ. నా పెళ్లికన్నా పాతది. మా ఆయన ఆఫీసులో ఒకాయనా మేమూ కలిసి, ఒక పాత కారు కొన్నంత డబ్బుతో కొన్నాం, నెలలో రెండు వారాలు వాళ్లవి, రెండు వారాలు మావి. కొనడం తేలికే, దాన్ని కట్టేసుకునే చోటుకి అద్దె, ఏటా అడుగున వేసే రంగు, చెడిపోయే పంపులు, వీటి దగ్గరే తడిసి మోపెడవుతుంది. మిగతా ఐదూ కూడా దాదాపు ఇలాంటివే, ఒక్క కోస్ట్ గార్డ్‌లో చేసి రిటైరైన పెద్దాయన పడవ తప్ప. ఆయనది ముప్ఫై ఎనిమిది అడుగులు, లంగరు కూడా మా అందరి లంగర్ల కన్నా పెద్దది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఏటా సెప్టెంబర్‌లో, లేబర్ డే సెలవుల గొడవ సద్దుమణిగాక, ఒక వారాంతం అందరం ఒకే చోట లంగరు వేసి పడవలన్నీ పక్కపక్కన కట్టేసుకుంటాం. దీన్ని రాఫ్టప్ అంటారు. అప్పటికి ఎండ తగ్గుతుంది, ఎండాకాలమంతా నీళ్లలో దిగనివ్వని ఆ కుట్టే జెల్లీఫిష్‌లు కూడా కాస్త పలచబడతాయి. ప్రతిసారీ ఒక థీమ్ ఉంటుంది. అందరూ చీటీలు రాసి సీసాలో వేస్తారు, చదువుతారు, ఓట్లేస్తారు. ఒక ఏడాది పైజమాలు, ఒక ఏడాది ఎనభైల నాటి ఫ్యాషన్ (ఆ ఏడాది మా పెళ్లి ఆల్బమ్ చూపించి నేనే గెలిచాను). ఈసారి ఓడదొంగలు. సెప్టెంబర్ 19న ఓడదొంగల్లా మాట్లాడే రోజు అని ఇక్కడ ఒక సరదా ఉంది, దానికి దగ్గరగా పడిందని పిల్లలందరూ ఒక్కటై ఓట్లేశారు. పిల్లలు పదకొండు మంది. ఇంకేం గెలుస్తాం.

నాకు ఈ థీమ్ మొదట్నుంచీ నచ్చలేదు, ఆ మాట మీటింగ్‌లోనే చెప్పాను. ఓడదొంగలంటే చిలకా, చెక్క కాలూ, నిధి మ్యాపూ అనుకుంటారు ఇక్కడి పిల్లలు. 1695 సెప్టెంబర్‌లో హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషు దొంగ, హజ్ యాత్రికులతో సూరత్ తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ 'గంజ్-ఇ-సవాయీ'ని పట్టుకుని, డబ్బు దోచుకోవడంతో ఊరుకోలేదు, అందులో ఆడవాళ్లని రోజుల తరబడి ఏం చేశారో చదివితే చిలక గుర్తుకు రాదు. ఔరంగజేబుకి మండిపోయి సూరత్‌లో ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్లని పట్టుకుని జైల్లో పెట్టించాడు. ఎవ్రీ మనుషులు కొందరు లండన్‌లో ఉరికంబం ఎక్కారు గానీ, వాడు మాత్రం దొరకనేలేదు. ఇదంతా ఆరేళ్ల పిల్లకి ఎలా చెప్తాం? పెద్ద పిల్లలకి చెప్పాను, చిన్నవాళ్లకి చెప్పలేదు. దానికి బదులు నిధి వేట ఆటలో రెండు ఆనవాళ్లు నేను రాస్తానని అడిగి తీసుకున్నాను. అలా కడుపుమంట తీర్చుకున్నాను అనుకోండి.

అందులో ఒకటి మా పడవ పేరు మీద. మా పడవ పేరు 'కోరంగి'. మెరీనాలో అందరూ దాన్ని కొరాంజీ అంటారు, ఏదో ఇటాలియన్ పాస్తా అనుకుంటారు, దిద్ది దిద్ది విసుగొచ్చి వదిలేశాను. మా అమ్మ పుట్టిల్లు తాళ్లరేవు, కాకినాడ దగ్గర. ఆ పక్కదే కోరంగి. ఇప్పుడంటే మడ అడవులు చూడ్డానికి టూరిస్టులు వెళ్తున్నారు గానీ, ఒకప్పుడు అది పెద్ద ఓడరేవు, ఓడలు కట్టే చోటు. 1789లో ఒకసారి, 1839 నవంబర్‌లో ఇంకోసారి సముద్రం ఊరి మీదకి వచ్చింది, రెండోసారితో రేవు పని అయిపోయింది. 'సైక్లోన్' అనే మాటని 1848లో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని బంగాళాఖాతం తుఫాన్లనే చదివేవాడు, పాము చుట్ట చుట్టుకున్నట్టు గాలి తిరుగుతుందని గ్రీకు మాటలోంచి ఆ పేరు తీశాడు. కాబట్టి నా ఆనవాలు: "పాము చుట్టలా తిరిగే గాలికి పేరు పెట్టించిన సముద్రం ఒడ్డునున్న ఊరు ఏ పడవ మీద రాసి ఉంది?" పిల్లలు ఫోన్లో వెతికి నాలుగు నిమిషాల్లో మా పడవ మీదకి ఎక్కేశారు. ఫోన్లు ఉంటే పనికిరాదని అక్కడే తేలిపోయింది, ఆ తర్వాత ఫోన్లకి పట్టిన గతి చెప్తాను.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, హాయిగా సాగింది. దక్షిణంగా సుమారు పది నాటికల్ మైళ్లు, పక్కనుంచి గాలి, రెండున్నర గంటలు. దారిలో థామస్ పాయింట్ లైట్‌హౌస్ వస్తుంది, నీళ్లలో ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన ఆరు పలకల తెల్ల ఇల్లు, 1875 నాటిది. ఆ కాళ్లని పెద్ద మరమేకుల్లా బురదలోకి తిప్పి దించారట. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "ఇంత నీళ్ల మధ్య ఇల్లు కట్టుకుని ఉప్పు, పప్పు ఎలా తెచ్చుకునేవాళ్లో" అంది. అమ్మకి ఏ కట్టడం చూసినా ముందు సరుకులే గుర్తొస్తాయి. పడవ మీద ఆమెకి భయం లేదు. తాతయ్య పడవల వడ్రంగి, పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తుంటే ఆ వాసనలో పెరిగింది. ఫైబర్‌గ్లాస్‌ని వేలితో కొట్టి చూసి, "ప్లాస్టిక్ బిందెలా ఉంది" అని తేల్చేసింది. లైఫ్ జాకెట్ మాత్రం వద్దంటే వద్దంది. పెద్దవాళ్లకి చట్టప్రకారం అందుబాటులో ఉంటే చాలు, కానీ మా పడవ రూలు వేరు. చివరికి చీర మీదే వేసుకుని, అద్దం అడిగింది.

బాత్‌రూమ్ పాఠం మాత్రం మా ఆయన చెప్పలేక నాకు వదిలేశాడు. పడవలో అది ఒక చిన్న గూడు. మీట ఒకవైపు తిప్పి నీళ్లు కొట్టాలి, ఇంకోవైపు తిప్పి ఖాళీ అయ్యేదాకా కొట్టాలి, చేతిపంపు, ఇరవై సార్లు. కాగితం వేయకూడదు. అదంతా నీళ్లలోకి పోదు, ట్యాంకులోకి వెళ్తుంది, ఒడ్డుకి వచ్చాక గొట్టం పెట్టి లాగించాలి. అమ్మ అంతా విని, "మీరు లక్షలు పోసి కొనుక్కున్నది ఇదా" అంది.

రోడ్ నదిలోకి మేమే ముందు చేరాం. పేరుకి నది, చూడ్డానికి చిన్న చెరువులా ఉంటుంది, నాలుగు వైపులా చెట్లు, మధ్యలో చిన్న దీవులు, అడుగున మెత్తటి బురద. ఇక్కడ వాళ్లంతా రాఫ్టప్‌లకి ఇక్కడికే వస్తారు. అసలు పద్ధతి ప్రకారం మధ్యలో ఉండేది అన్నిటికన్నా బరువైన పడవ, పెద్ద లంగరు ఉన్న పడవ, అంటే పెద్దాయనది. కానీ ఆయన మనవళ్లకి వేషాలు కట్టడంలో ఆలస్యం అయ్యి రెండు గంటలు వెనక పడ్డాడు. సరే, ఆయన వచ్చేదాకా ఆగడానికి నేను లంగరు వేశాను. లంగరు వేయడం మా ఇంట్లో నా పని. లోతు ఎనిమిది అడుగులు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు నాలుగు అడుగుల ఎత్తు, కలిపితే పన్నెండు. రాత్రికి ఉండాలంటే దానికి ఏడు రెట్లు తాడు వదలాలి, అంటే ఎనభై నాలుగు అడుగులు. మధ్యాహ్నం భోజనానికి ఆగుతున్నామనుకుంటే ఐదు రెట్లు చాలు. నేను అరవై వదిలాను. లంగరు ఎందుకు పట్టుకుంటుందంటే బరువుకి కాదు, తాడు ఎంత ఏటవాలుగా ఉంటే అది అంతగా బురదలోకి దిగబడుతుంది. తాడు పొట్టిగా, నిలువుగా ఉంటే గాలి లాగినప్పుడు పైకి పెకలిస్తుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే అరవై వదిలాను, ఎందుకంటే పెద్దాయన వచ్చాక మార్చేస్తాం కదా.

ఆ తర్వాత ఒక్కొక్కరూ రావడం మొదలైంది. రాఫ్టప్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ అరగంటే, థీమ్ ఏదైనా కానీయండి. వచ్చే పడవ చీమలా నడుస్తుంది. పడవలు ఒకదానికొకటి రాసుకోకుండా పక్కకి రబ్బరు ఫెండర్లు వేలాడేసి ఉంటాయి, ఒకరు ముందు, ఒకరు వెనక తాడు చుట్ట పట్టుకుని నిలబడతారు. పిల్లలందరికీ ఒకటే ఆర్డరు, రెండు పడవల మధ్య చెయ్యిగానీ కాలుగానీ పెట్టొద్దు, నాలుగైదు టన్నుల పడవని ఎవరూ అరచేత్తో ఆపలేరు. ముందు తాడు, వెనక తాడు కట్టాక, పడవలు ముందుకీ వెనక్కీ జరగకుండా ఏటవాలుగా ఇంకో రెండు కడతాం. చివరగా అందరూ తలెత్తి పైకి చూస్తారు. రెండు పడవల తెరచాప కొయ్యలు సరిగ్గా పక్కపక్కనే వస్తే, ఏదైనా మోటారు బోటు పెద్ద అల లేపుకుంటూ పోయినప్పుడు రెండూ ఊగి పైన అడ్డకమ్మీలు ఒకదానికొకటి తగులుతాయి, అందుకని ఒకదాన్ని మూడడుగులు వెనక్కి జరిపి మళ్లీ కట్టాలి. ఆ రోజు ఈ పనంతా కళ్లకి గంతలు, మెడలో పుర్రెలు, ప్లాస్టిక్ కొక్కేల చేతులతో చేశాం. కొక్కెం చేత్తో ముడి వేయడం ఎలా ఉంటుందో మీ ఊహకే వదిలేస్తున్నా. పంజాబీ డాక్టరుగారు ముఖానికి బ్లాక్‌బియర్డ్ అనే పాతకాలపు ఓడదొంగలా నల్లటి గడ్డం తగిలించుకుని దానికి రిబ్బన్లు కట్టారు. అసలు బ్లాక్‌బియర్డ్ తలని 1718లో నరికి, ఓడ ముందు కొయ్యకి వేలాడదీసి ఈ బే ముఖద్వారం దాకా తెచ్చారని చెప్తే ఆయన ఆ గడ్డం తీసేసి జేబులో పెట్టుకున్నారు.

పెద్దాయన వచ్చేసరికి నాలుగు పడవలు మా నడుముకి వేలాడుతున్నాయి. అందర్నీ విప్పి మళ్లీ కట్టాలంటే గంట. పిల్లలు అప్పటికే పడవ నుంచి పడవకి దూకుతూ నిధి వేటలో ఉన్నారు. ఆయన చివరి పడవ పక్కన కట్టుకుంటూ, తాడు ఎంత వదిలావు అని అరిచి అడిగాడు. నేను చెప్పాను. ఆయన ఆకాశం వైపు చూశాడు, ఏదో అనబోయాడు, అంతలో మనవడు కత్తితో పొడిచాడు.

మధ్యాహ్నం అంతా అమ్మదే. మా చిన్నదీ, కొరియన్ వాళ్ల అబ్బాయీ పడవ వెనకాల కూర్చుని పీతలు పడుతున్నారు. దీనికి పెద్ద సరంజామా ఏం లేదు, కోడి మెడ ఒకటి దారానికి కట్టి నీళ్లలో వదలడమే. పిల్లలు దారం కదలగానే గబుక్కున లాగేస్తున్నారు, పీత వదిలేసి పోతోంది. అమ్మ వాళ్ల పక్కన చతికిలబడి దారం తీసుకుంది. రెండు వేళ్ల మధ్య, జడకి రిబ్బను పట్టుకున్నట్టు. దారం మెల్లగా పక్కకి వాలింది. "ఇప్పుడు తింటోంది. తిననీ" అంది తెలుగులో, ఆ అబ్బాయి అర్థమైనట్టే తలూపాడు. వేలెడు వేలెడు చొప్పున లాగింది, లాగుతున్నట్టు కూడా తెలీనంత నెమ్మదిగా. అడుగునించి ముందు తెల్లటి కోడి మెడ, దాని మీద పాచి రంగు డొప్ప, ఆ తర్వాత నీలంగా మెరుస్తూ రెండు గోళ్లు కనపడ్డాయి. "ఊఁ" అంది, పిల్లాడు వలగరిటె కింద నుంచి పెట్టి ఎత్తాడు. తిరగేసి చూస్తే పొట్ట మీద గోపురంలా గుండ్రంగా ఉంది, గోళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి, ఆడది. మేరీల్యాండ్‌లో మాలాగా సరదాకి పట్టుకునేవాళ్లు ఆడపీతల్ని ఉంచుకోకూడదు, వదిలేయాలి. అమ్మకి చెప్పాను. తాళ్లరేవులో గుడ్ల పీత అంటే పండగ, అందుకని మొహం చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. "మంచి రూలే" అని తనే నీళ్లలోకి జారవిడిచింది. సాయంత్రానికి కొలతకి సరిపోయిన మగవి తొమ్మిది. బ్యాగులో అడుగున, స్వెట్టర్ల కింద, చింతపండూ కారప్పొడీ పెట్టుకుని వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. పడవ పొయ్యి మీద పులుసు కాగుతుంటే వాసనకి ఆరు పడవల జనం మా పడవ మీదకి చేరారు, పడవ ఒకవైపుకి ఒరిగింది. ఇక్కడివాళ్లు పీతల్ని మసాలా చల్లి ఆవిరికి పెట్టి, కాగితాలు పరిచి సుత్తెలతో పగలగొట్టుకుని తింటారు, అదీ బావుంటుంది. కానీ పులుసు గిన్నె అడుగు గీకింది మాత్రం కొరియన్ పిల్లాడు.

ఇక దోపిడీ. ఏడు గంటలకి పిల్లలు ముసుగులు వేసుకుని వచ్చి పెద్దవాళ్ల ఫోన్లన్నీ లాక్కున్నారు. ఇది ప్రోగ్రాంలో ఉన్నదే, మేమే ఒప్పుకున్నాం, రాత్రి ఫోన్లు లేకుండా ఉందామని. ఒక చెక్కపెట్టెలో చాక్లెట్ నాణేల మధ్య వేసి, నంబరు తాళం వేసి, చివరి పడవలోకి మోసుకుపోయారు. నా ఫోన్లో లంగరు అలారం పెట్టుకుని ఉన్నాను. లంగరు వేసిన చోటుని అది గుర్తు పెట్టుకుంటుంది, గిరి గీసినట్టు, ఆ గిరి దాటితే మోగుతుంది. పెట్టె నాలుగు పడవలు దాటేసరికి గిరి దాటింది, మోగింది. అందరూ ఒకటే నవ్వు. దొంగల పెట్టె అరుస్తోందని పిల్లలు దాని చుట్టూ గెంతారు. కాసేపటికి, బహుశా పడవలు కొద్దిగా జరిగి ఉంటాయి, అదే ఆగిపోయింది.

మా గుంపుకి ఒక రూలు ఉంది. పెద్దాయన పెట్టిందే. రాత్రి తొమ్మిది కొట్టేసరికి పడవలు విప్పేసుకుని ఎవరి లంగరు వాళ్లు వేసుకోవాలి, కలిసి నిద్రపోకూడదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పలేదు. ఈసారి తొమ్మిదికి ఇంకా నాటకం రెండో అంకం నడుస్తోంది, దొంగల నాయకురాలికి పట్టాభిషేకం, ఆ తర్వాత పాటలు, ఆ తర్వాత వేషాలకి బహుమతులు. వాతావరణం చూస్తే తెల్లవారుజామున వాయవ్యం నుంచి చలిగాలి వస్తుందని ఉంది, అప్పటికి చాలా టైముంది అనుకున్నాం. నిజం చెప్పాలంటే ఎవరూ ఏమీ అనుకోలేదు. పైజమాల ఏడాది ఎవరికీ ఇంత హడావుడి లేదు, ఎనిమిదికే ఆవలింతలు. థీమ్ మరీ బాగా కుదిరితే ఇదీ చిక్కు.

పదిన్నరకి పెట్టె మళ్లీ అరిచింది. మళ్లీ అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. లోపల పడుకున్న అమ్మ తల బయటపెట్టి, "ఆ పెట్టె నోరు మూయించండర్రా, పిల్ల లేస్తుంది" అంది. సరేనని బయల్దేరాను, పొడుగు గౌను మీద లైఫ్ జాకెట్, చేతిలో టార్చి, ఒక పడవ కమ్మీ పట్టుకుని ఇంకో పడవలోకి కాలు వేసుకుంటూ. మూడో పడవ దాటుతుంటే చల్లగా గాలి చెంపకి కొట్టింది. పొద్దున్నుంచీ ఉన్న గాలి కాదు, వేరే వైపు నుంచి. చివరి పడవ చేరి తలెత్తితే, సాయంత్రం నుంచీ మాకు ఎడమవైపు ఉన్న ఒక ఇంటి రేవు దీపం కుడివైపుకి వచ్చేసింది. దీపాలు నడవవు కదా. ఆరు పడవలూ ఒకదాన్నొకటి పట్టుకుని, చప్పుడు లేకుండా, నా అరవై అడుగుల తాడు చివర లంగరుని బురదలో ఈడ్చుకుంటూ వెనక్కి జారుతున్నాయి. వెనకాల మా గుంపుది కాని పడవ ఒకటి, కొయ్య మీద దీపం పెట్టుకుని నిద్రపోతోంది.

అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, తెలుగులో అరిచానని మా పెద్దాడు అంటాడు.

పెద్దాయన పరిగెత్తలేదు. చెవికి వేలాడుతున్న దొంగపోగు తీసి జేబులో వేసుకుని, "ముందు పిల్లల్ని లెక్కపెట్టండి" అన్నాడు. అప్పుడు అర్థమైంది అసలు టెన్షన్ ఏంటో. పడవలు విడదీయాలంటే ఎవరి పిల్లలు ఎవరి పడవలో ఉన్నారో తెలియాలి, వాళ్లేమో సాయంత్రం నుంచీ కలగాపులగం అయిపోయారు, సగం మంది నిద్రలో, అందరివీ ఒకే రకం చారల చొక్కాలు. టార్చి వేసి లెక్కపెడితే పది. మళ్లీ పది. డాక్టరుగారి భార్య ఆవిడ ఆరేళ్ల కూతురి పేరు పిలుస్తూ ఒక్కో పడవ గదుల్లోకి దిగుతోంది, ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. నల్లటి నీళ్ల వైపు ఎవరమూ చూడట్లేదు, అందరం అటే చూస్తున్నాం. మా అమ్మ మా పడవ మెట్ల మీద నుంచి, "ఎవరికోసమర్రా? నా పక్కన పడుకుంది, గంటయింది, పిల్ల లేస్తుంది అని ఇందాకే చెప్పాను కదా" అంది.

చెప్పింది. పిల్ల అంటే మా చిన్నది అనుకున్నాను నేను.

తర్వాతి పని వరసగా జరిగిపోయింది. మధ్యలో ఉన్నది మేము కాబట్టి మా ఆయన ఇంజను వేసి, గాలికి ఎదురుగా మెల్లగా ముందుకి నడుపుతూ లంగరు మీద బరువు తగ్గించాడు. చివర్ల నుంచి ఒక్కొక్కరూ విప్పుకుని వెళ్లారు, ముందు పెద్దాయన, తర్వాత అటు చివర, తర్వాత ఇటు. వెళ్లినవాళ్లు గాలి వచ్చే వైపుకి పోయి ఎవరి లంగరు వాళ్లు వేసుకుని దీపం వెలిగించారు. నలభై నిమిషాలు. వెనకాల పడవ ఆయన మా గోలకి లేచి బయటికొచ్చి, కంటి గంతలతో, పుర్రె టోపీలతో జనం తాళ్లు విప్పుకుంటుంటే చూసి ఏమనుకున్నాడో, ఏమీ అనకుండా తన ఫెండర్లు బయటికి వేసుకుని కూర్చున్నాడు. మా పడవ ఒంటరిగా మిగిలాక తాడు తొంభై అడుగులు వదిలి, ఇంజను వెనక్కి వేసి లాగి చూసి, పట్టిందని నమ్మకం కుదిరాక కూడా నేను నిద్రపోలేదు. కాలితో తాడు మీద ఆనించి కూర్చున్నాను. జారుతుంటే తాడు గరగరమని వణుకుతుంది, పట్టి ఉంటే ఊరికే సాగుతుంది, అంతే తేడా. ఫోన్ మాత్రం లేదు, ఎందుకంటే పెట్టె తాళం నంబరు అమ్మ పక్కన నిద్రపోతున్న దొంగల నాయకురాలికి ఒక్కదానికే తెలుసు. ఆ పెట్టె పెద్దాయన పడవలో అరుస్తూనే ఉందట, ఛార్జింగ్ అయిపోయేదాకా. ఆయన దాన్ని రెండు దిళ్ల కింద పెట్టి పడుకున్నాడట.

పొద్దున్న గాలి శుభ్రంగా, చల్లగా ఉంది. పెద్దాయన రబ్బరు పడవలో పెట్టె తెచ్చిచ్చాడు. నన్నేమన్నా అంటాడని ఎదురుచూశాను, నేనే ముందు నా తప్పే అన్నాను. "నేను అడిగి కూడా ఊరుకున్నాను కదా" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. కాఫీ తాగాడు, అమ్మ పెట్టిన ఇడ్లీ మూడు తిన్నాడు, కారప్పొడికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. నా ఫోన్‌కి చాక్లెట్ అంటుకుని ఛార్జర్ గుచ్చే కన్నంలోకి పోయింది, పంటిపుల్లతో గోకాను.

వెళ్లేముందు వచ్చే ఏడాది థీమ్‌కి చీటీలు. ఈసారి సీసా ఎవరి దగ్గరుంటే వాళ్లు రబ్బరు పడవలో తిరిగి సేకరించాలి, ఎందుకంటే మళ్లీ పడవలు కట్టుకుందాం అని ఎవరూ అనలేదు. అమ్మ కూడా ఒకటి రాసి వేసిందని నాకు తెలీదు. పెద్దాయన చీటీలు విప్పి చదువుతూ ఒకదాని దగ్గర ఆగి, అటూ ఇటూ తిప్పి చూసి, నాకిచ్చాడు. అమ్మ గుండ్రటి అక్షరాలు: "పెళ్లి. అందరూ మంచి బట్టలు కట్టుకోవాలి. దొంగలు రాకూడదు. తొమ్మిదింటికల్లా భోజనాలు అయిపోవాలి."

చదివి ఇంగ్లీషులో చెప్పాను. ఆరు పడవల్లో నాలుగు ఓట్లు వచ్చాయి. నిన్న డాక్టరుగారు మెసేజ్ పెట్టారు, పట్టుపంచె కట్టుకుని రబ్బరు పడవలోంచి పెద్ద పడవలోకి ఎక్కొచ్చా అని. మా ఆయన్ని అడిగితే ముందు తను ఎక్కి చూస్తానన్నాడు. అమ్మ వీసా అప్పటికి అయిపోతుంది, మళ్లీ రావాలి.